చెప్పింది చెప్పినట్టే రాశాను

తుఫాను మా దీవి మీదుగా వెళ్ళిన మరుసటి ఏడు, చిన్న వ్యాపారాలు నడుపుకునే వాళ్ళకి ప్రభుత్వం సాయం చేస్తుందని దీవిలో ఉన్న ఒక్క పట్నం లెవూకా నుంచి కబురొచ్చింది. డబ్బు చేతికివ్వరు, పనికి కావలసిన యంత్రమో సామానో కొనిపెడతారు. మా ఊళ్ళో వ్యాపారం అనదగ్గవి రెండే ఉన్నాయి. ఒకటి నా రొట్టెల పొయ్యి, రెండోది మా వదిన సులువేతి తీసే కొబ్బరినూనె.

సులువేతి నా భర్త ఇలియాసాకి అక్క. భర్త పోయి పదేళ్ళయింది, పిల్లలు లేరు. మాలో వదినా మరదళ్ళు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. మేమిద్దరం ఆ హక్కుని ఒక్క పూట కూడా వదులుకున్నది లేదు.

"ఏమే తరైవినీ, నీ రొట్టెతో నిన్న కుక్కని కొట్టాను. పాపం, ఇంకా లేవలేదు" అనేది పొద్దున్నే మా గుమ్మం ముందు నిలబడి.

"లేస్తుంది వదినా, నీ నూనె వాసన చూపించు. చచ్చినవాళ్ళు కూడా లేచి పారిపోతారు" అనేదాన్ని.

ఆ మాట అబద్ధమని ఊరందరికీ తెలుసు. ఆమె నూనె నీళ్ళలా తేటగా ఉండేది. మొకొసోయి పూలు వేసి నానబెట్టిన సీసా మూత తీస్తే గదంతా పరిమళించేది. ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళు రోజూ ఆమె పాకలో కూర్చుని కొబ్బరి తురిమేవాళ్ళు. లెవూకా మార్కెట్లో శనివారం మధ్యాహ్నానికల్లా ఆమె బల్ల ఖాళీ అయిపోయేది.

ఆ సాయం గురించి వివరించడానికి లెవూకాలో బుధవారం సమావేశం పెట్టారు. బుధవారం బడి హాస్టలుకి రొట్టెలు పంపే రోజు. నాది ఇనప డ్రమ్ము కోసి చేసిన పొయ్యి. పైనా కిందా నిప్పు వేసి, దగ్గరే కూర్చుని చూసుకోవాలి. కాస్త ఏమరితే ఒక పక్క మాడిపోతుంది.

"నువ్వెళ్ళు. నీకు చదువుంది" అంది సులువేతి. "వాళ్ళు చెప్పేదంతా విని, వచ్చి నాకు చెప్పు. నీ పొయ్యి నేను చూసుకుంటాను."

"మాడుస్తావు."

"మాడితే మంచిదే. నీ రొట్టెకి కాస్త రుచి వస్తుంది."

అలా నేను వెళ్ళాను, ఆమె నా పొయ్యి దగ్గర కూర్చుంది. జరిగిన దాన్నంతా తలుచుకున్నప్పుడు ముందు నాకు గుర్తొచ్చేది ఆ సంగతే.

సమావేశంలో మాట్లాడింది మిస్ షలేష్ని అనే అధికారిణి. సన్నగా ఉండేది, గొంతు మాత్రం హాలంతా వినిపించేది. కావలసిన కాగితాలన్నీ చెప్పి, ఫారం పైకెత్తి ఏడో పేజీ చూపించింది.

"ఇక్కడ అందరూ తప్పు చేస్తారు" అంది. "మీ ఊళ్ళల్లో తన గురించి తాను గొప్ప చెప్పుకుంటే తప్పని నాకు తెలుసు. నేనూ ఈ దీవిలోనే పెరిగాను. కానీ ఈ కాగితం చూసేది రాజధాని సువాలో కూర్చున్న వాళ్ళు. వాళ్ళకి మీ మొహం కనపడదు. మీ పని మీద ఎంతమంది బతుకుతున్నారు, సరుకు ఎక్కడెక్కడికి పోతోంది, అన్నీ రాయండి. నేనొక్కదాన్నేనండీ, ఏదో కాస్త చేసుకుంటున్నాను అని రాశారనుకోండి, ఇంట్లో వాడకానికి చేసుకుంటున్నారని పక్కన పెట్టేస్తారు."

వెనకనుంచి ఒకాయన అడిగాడు, ఊరికెన్ని ఇస్తారని.

"ఈ విడతలో దీవి మొత్తానికి పన్నెండు. ఒకే ఊరికి రెండు రావడం కష్టమే."

ట్రక్కులో తిరిగొస్తుంటే దారి పొడుగునా ఆ మాటే నా చెవిలో మోగింది. ఇరవై ఊళ్ళు, పన్నెండు సాయాలు. గ్యాసు పొయ్యి వస్తే కట్టెలకోసం కొండెక్కే పని తప్పుతుంది, పొగకి కళ్ళు మండడం తప్పుతుంది. మా ఊరికి ఒకటే వస్తే అది ఎవరిదవుతుంది? ఎవరిదవుతుందో నాకు తెలుసు. ఆమె పని నా పని కన్నా పెద్దది.

దిగేసరికి సులువేతి పొయ్యి పక్కనే ఉంది. మోచేతి దాకా మసి, మణికట్టు మీద కాలిన మచ్చ. రొట్టెలు ఒక్కటి కూడా మాడలేదు.

"ఏమన్నారు?" అంది.

"బోలెడు కాగితాలు కావాలన్నారు వదినా" అన్నాను. కాగితాలన్నీ ఒక్కొక్కటే చెప్పాను. ఏడో పేజీ సంగతి చెప్పలేదు. రేపు చెప్దాంలే అనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు.

కాగితాలు కూడదీయడానికి నెల పట్టింది. వ్యాపారం నమోదు చేయించాలి, పన్ను నంబరు తీసుకోవాలి, నేల మీద హక్కున్న వంశం వాళ్ళందరిచేతా ఒప్పుకున్నట్టు సంతకాలు పెట్టించాలి. ఆ సంతకాలకి ఇల్లిల్లూ తిరగాలి, తిరిగిన ప్రతి ఇంట్లో కూర్చుని టీ తాగాలి. సులువేతి పేరు పుట్టిన కాగితంలో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఒకలా ఉంది. దాన్ని దిద్దించడానికి మూడుసార్లు లెవూకా వెళ్ళింది. "యాభై రెండేళ్ళు నేను నేనేననుకుంటూ బతికాను, వీళ్ళు నమ్మట్లేదే" అని నవ్వేది.

ఆమె కళ్ళజోడు తుఫానులో పోయింది. అందుకని ఆమె ఫారం కూడా నేనే నింపాను. ఒక మధ్యాహ్నం ఆమె ఇంట్లో చాప మీద కూర్చుని, ఒక్కో ప్రశ్నా చదివి ఆమె చెప్పింది రాస్తూ పోయాను. ఏడో పేజీ వచ్చింది.

"నీ పని మీద ఎంతమంది ఆధారపడి ఉన్నారని అడుగుతున్నారు."

ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. "ఎవరున్నారు? నేనొక్కదాన్నేనని రాయి. ఆ ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళొచ్చి సాయం చేస్తున్నారు. నావల్ల బతుకుతున్నారని రాస్తే వాళ్ళ మొహం ఎలా చూడను?"

"సరుకు ఎక్కడెక్కడ అమ్ముతావని."

"ఏదో మార్కెట్లో కాస్త అమ్ముకుంటానని రాయి."

పెన్ను కాగితం మీదే ఆగింది. అలా కాదు వదినా, ఇక్కడ గొప్పలు చెప్పాలట అని ఒక్క ముక్క అంటే చాలు. పాకలోనుంచి కొబ్బరి తురుముతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, నలుగురి చేతుల చప్పుడు. నేను తలొంచుకుని రాశాను: నేనొక్కదాన్నే. మార్కెట్లో కొద్దిగా.

ఆ రాత్రి నా ఫారంలో అదే పేజీకి రెండు కాగితాలు అదనంగా కుట్టాను. హాస్టలు పిల్లల లెక్క రాశాను, రొట్టెలు కొనుక్కునే ట్రక్కు డ్రైవర్ల సంగతి రాశాను. కట్టెలు కొట్టే మా మరిదిని కూడా పనివాడిగా చూపించాను.

నాలుగు నెలలకి నా పొయ్యి వచ్చింది. ఓడలో లెవూకా దాకా, అక్కడినుంచి ట్రక్కులో మా ఊరికి. ఎదురెళ్ళి పాట అందుకున్నది సులువేతే. పొయ్యికి పూలదండ వేసింది, అది పెట్టే చోట పరవమని తను అల్లిన కొత్త చాప ఇచ్చింది.

"ఇక రొట్టె రాయిలా ఉంటే డ్రమ్ము మీద తొయ్యడానికి లేదు, మరదలా" అంది అందరూ వినేలా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమెకి వచ్చిన ఉత్తరం కూడా నేనే చదివాను. మీ పని వ్యాపార స్థాయిలో లేదు, ఇంటి అవసరాలకు చేస్తున్నట్టుగా ఉంది, కనుక ఈ విడతలో ఇవ్వలేకపోతున్నాం అని ఉంది. మళ్ళీ చదవమంది. చదివాను.

"నిజమే కదా" అంది. "పెద్ద చదువులు చదివిన వాళ్ళు చూసి చెప్పారు. నేనే ఏదో వ్యాపారం అనుకుని పదేళ్ళు మురిశాను."

ఆమెని ఆ ఉత్తరం అంతగా తాకుతుందని నేననుకోలేదు. నూనె తీయడం కొద్దికొద్దిగా తగ్గించింది, తర్వాత మానేసింది. తుఫానుకి సగం ఎగిరిపోయిన పాక కప్పుని, తను అడిగిన తురిమే యంత్రం వస్తే బాగుచేయిద్దామనుకుంది. ఇక ఎందుకంది. తురిమే నలుగురిలో ఇద్దరు చేపల ఫ్యాక్టరీలో పనికి కుదిరారు, ఒకామె కూతురి ఊరికి వెళ్ళిపోయింది. నాలుగో ఆమె మెరెవాయి, భర్త వదిలేసిన మనిషి. ఆరేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలి, సువాలో ఒకరింట్లో వంటపనికి వెళ్ళింది. ఆమె ఓడెక్కిన రోజు నేను రేవుకి వెళ్ళలేదు, రొట్టెలున్నాయన్నాను.

సులువేతి నా దగ్గర పనిలో చేరింది. నేను పిలవలేదు. ఒకరోజు తనే వచ్చి చేతులు కడుక్కుని పిండి ముందు కూర్చుంది. "నీ ఒక్కదానివల్ల ఏమవుతుంది" అంది. ఆమె చేతి పిండి నాదానికన్నా బాగా పొంగేది. పక్కనే నిలబడి ఆ చేతుల్ని చూస్తూ రోజూ ఒకటే అనుకునేదాన్ని: ఇవాళ చెప్పెయ్యాలి. సాయంత్రానికి చెప్పకుండానే పొయ్యి ఆర్పేదాన్ని. ఇలియాసాకి కూడా చెప్పలేదు.

ఇచ్చిన సామాను సరిగ్గా వాడుతున్నారో లేదో చూడ్డానికి మిస్ షలేష్ని ఆగస్టులో వచ్చింది. పొయ్యి చూసింది, ఫొటో తీసుకుంది. సులువేతి ఆమెకి నిమ్మాకు టీ, వేడి రొట్టె పెట్టింది. ఎండకి చెయ్యి పగిలి ఉందని, ఇంట్లో మిగిలిన నూనె సీసా తెచ్చి రాసింది. మిస్ షలేష్ని చెయ్యి వాసన చూసుకుంది.

"ఇది ఎవరు చేస్తారు?"

"నేనే చేసేదాన్నమ్మా. ఇప్పుడు మానేశాను."

"ఒక్కరేనా?"

"నలుగురు ఆడవాళ్ళు సాయం ఉండేవాళ్ళు. వారానికి ఎనభై సీసాలు పోయేవి."

మిస్ షలేష్ని కప్పు కింద పెట్టింది. "మరి సాయానికి అడగలేదా?"

"అడిగాను. నాది ఇంటి అవసరానికే అన్నారు."

"ఫారంలో ఈ నలుగురి సంగతి రాయలేదా? ఏడో పేజీ గురించి ఆ రోజు హాల్లో అంతసేపు మొత్తుకున్నాను కదా."

సులువేతి నావైపు చూడలేదు. "నేనొక్కదాన్నేనని రాయమన్నది నేనేనమ్మా" అంది. "ఈ పిల్ల నేను చెప్పింది చెప్పినట్టే రాసింది."

మిస్ షలేష్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ట్రక్కెక్కింది. మేం లోపలికొచ్చాం. సులువేతి పిండి ముందు కూర్చుంది గానీ చెయ్యి పెట్టలేదు.

"తరైవినీ, ఆ రోజు హాల్లో ఆ అమ్మాయి ఏడో పేజీ గురించి చెప్పేటప్పుడు నువ్వు బయటికేమైనా వెళ్ళావా?"

తప్పించుకోవడానికి ఆమే నాకొక తలుపు తెరిచి పట్టుకుంది. వెళ్ళానంటే అయిపోయేది. ఆమె నమ్మేది, నమ్మాలనే అడిగింది.

"లేదు వదినా" అన్నాను. "ముందు వరుసలోనే కూర్చున్నాను."

ఆమె లేచి, చేతికి అంటని పిండిని కడుక్కున్నట్టుగా చేతులు కడుక్కుంది. రోజూ తను ఊడ్చే చీపురు తలుపు మూలకి ఆనించి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇలియాసాకి అంతా చెప్పాను. అతను పెరట్లోకి వెళ్ళి, పెద్దమనుషులు వస్తే దంచి నీళ్ళలో కలిపిచ్చే కావా వేర్లు ఎండబెట్టిన వాటిలో పెద్దది తీసి కట్టకట్టాడు. "నాకు చెప్పి లాభం లేదు. మా అక్క దగ్గరికెళ్ళు" అన్నాడు.

మాలో తప్పు చేసినవాళ్ళు ఆ వేరుని ఎదుట పెట్టి తలొంచుకుని కూర్చోవాలి. అవతలివాళ్ళు దాన్ని ముట్టుకుంటే మన్నించినట్టు. నేను పెట్టి కూర్చున్నాను, తడబడుతూనే చెప్పాల్సిందంతా చెప్పాను. సులువేతి విన్నది. వేరు వైపు చెయ్యి చాపలేదు.

"అక్కడ మూల పెట్టండి" అంది. "చూద్దాం."

పెట్టండి అంది. పాతికేళ్ళలో ఆమె నన్ను మీరు అనడం అదే మొదలు. ఆ రోజునుంచి అదే వరస. కొట్టుకి వచ్చేది. "రెండు రొట్టెలివ్వండి" అనేది. "మీ ఆరోగ్యం బాగుందా?" అని అడిగేది. తిట్టినా బాగుండేది. చర్చిలో ఎదురైతే పక్కకి జరిగి దారిచ్చేది, పాస్టరు భార్యకి ఇచ్చినట్టు. ఊళ్ళో వాళ్ళు ఏమయిందని అడిగితే ఏమీ లేదనేది. ఒక్కరికీ చెప్పలేదు.

నేను ఒక్కదాన్నే లెవూకా వెళ్ళాను. మిస్ షలేష్ని బల్ల ముందు నిలబడి, నేను విని కూడా ఆమెకి చెప్పలేదని చెప్పాను.

"నాకెందుకు చెబుతున్నారు?" అందామె.

"పొయ్యి వెనక్కి తీసుకోండి. ఆమెకివ్వండి."

"పొయ్యితో ఆవిడ నూనె తీస్తుందా?" అంది. కోపంగా అనలేదు, అలసటగా అంది. "అలా కుదరదమ్మా. మీరు రాసిందీ అబద్ధం కాదు, ఆవిడ రాయించిందీ అబద్ధం కాదు. మార్చిలో కొత్త విడత వస్తుంది, కొత్తగా పెట్టుకోమనండి."

"ఆ రోజు చెప్పుంటే ఆమెకే వచ్చేది కదా?"

"ఏమో, చెప్పలేను. ఇద్దరికీ వచ్చేదేమో. ఇద్దరికీ రాకపోయేదేమో."

మార్చి రెండో వారంలో సులువేతి మా ఇంటికొచ్చింది. చేతిలో కొత్త ఫారం. ముక్కు మీద కొత్త కళ్ళజోడు.

"చదువుకోగలను ఇప్పుడు" అంది. "అయినా నువ్వే రాయి. ఎలా రాస్తావో చూస్తాను."

నువ్వు అంది. నాకు కళ్ళు చెమర్చాయి. "ఆ వేరు..." అన్నాను.

"మొన్న ఊరి పెద్ద వస్తే దంచేశాం. ముట్టుకోకుండా దంచలేం కదా." చాప మీద కూర్చుంది. "ఒక మాట విను. నువ్వు అబద్ధం రాసుంటే ఎప్పుడో మన్నించేదాన్ని. అబద్ధాలు నేనూ ఆడాను. నువ్వు నా మాటే తీసుకుని నన్ను కొట్టావు. దానికేం పేరు పెట్టాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పటికీ తెలియదు. రాయి."

ఏడో పేజీ దాకా వచ్చాం. నలుగురు అని రాయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడెవరున్నారే నలుగురు? పాకకి కప్పు లేదు, తురిమేవాళ్ళు లేరు. ఇప్పుడు నిజంగానే నేనొక్కదాన్ని."

పెన్ను పక్కన పెట్టేశాను. గడువుకి మూడు వారాలుంది. ఇలియాసా, మా మరిది కలిసి పాక కప్పు వేశారు. చేపల ఫ్యాక్టరీకి వెళ్ళిన ఇద్దరి దగ్గరికీ నేను వెళ్ళి అడిగాను. ఒకామె వస్తానంది. కూతురి ఊరికి వెళ్ళిన ఆమె కూడా వచ్చింది. ఆ తర్వాత మెరెవాయి కోసం ఓడెక్కాను.

సువాలో కొండ మీద ఇల్లు. మెరెవాయి వెనక గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి గట్టిగా కౌగిలించుకుంది. వంటింటి మెట్ల మీద కూర్చున్నాం. తను చేసిన కర్రపెండలం పాయసం పెట్టింది, కూతురు ఎంత ఎత్తు పెరిగిందో అడిగింది. ఓడలో వస్తూ నిశ్చయించుకున్నాను, ముందు నా తప్పు చెప్పి తర్వాతే రమ్మని అడగాలని. కానీ ముందు రమ్మనే అడిగాను.

"వదిన మళ్ళీ మొదలుపెడుతోందా?" అని సంబరపడింది. తర్వాత చేతుల్లోకి చూసుకుంది. "నేను రాలేనక్కా. ఇక్కడ నెల నెలా వస్తోంది. పాప బడికి పంపిస్తున్నాను. మళ్ళీ వచ్చి, మళ్ళీ ఆగిపోతే? ప్రభుత్వం ఒకసారి కాదంది కదా, మళ్ళీ అనదని ఏముంది?"

"ప్రభుత్వం కాదు మెరెవాయీ" అన్నాను.

"ఎవరైతేనేం" అంది.

లోపలినుంచి ఎవరో పిలిచారు, ఆమె లేచింది. నేను తర్వాతి మాట అనలేదు. పాపకివ్వమని ఒక గౌను నా సంచిలో పెట్టి పంపించింది.

ఫారంలో ఇద్దరని రాశాం. జూన్‌లో సులువేతికి తురిమే యంత్రం, నూనె తీసే గానుగ వచ్చాయి. నేను పాట అందుకున్నాను. నా గొంతు బాగుండదని ఆమె మధ్యలోనే ఆపించింది. ఇప్పుడు ఆమె బల్ల మళ్ళీ శనివారం మధ్యాహ్నానికి ఖాళీ అవుతోంది. పొద్దున్నే మా గుమ్మం ముందు నిలబడి నా రొట్టెని తిడుతోంది. ఒక్కోసారి తిడుతూ తిడుతూ మధ్యలో ఆగి, నన్ను ఒక క్షణం కొత్తమనిషిని చూసినట్టు చూస్తుంది. మళ్ళీ మొదలుపెడుతుంది.

మెరెవాయి సంగతి ఆమెని అడిగాను, నువ్వే చెప్పకూడదా అని.

"నాకు చేసింది నేను చూసుకున్నాను" అంది సులువేతి. "మెరెవాయికి చేసింది నాది కాదు."

క్రిస్మస్‌కి మెరెవాయి పది రోజులు సెలవు పెట్టి వస్తోందని వాళ్ళమ్మ నిన్న రొట్టెలకి వచ్చినప్పుడు చెప్పింది. ముసలావిడ వెళ్ళాక నేను పెరట్లోకి వెళ్ళి, ఎండిన కావా వేర్లలో మంచిది ఏదుందో చూశాను.